మూత పెట్టని తొట్టి – పొరుగువాని హక్కు

 

దివ్యఖుర్ఆన్‌లోని బఖరా సూరా 26వ ఆయతులో అల్లాహ్ దోమను ప్రస్తావించాడు. దోమ వంటి అల్పప్రాణిని ఉదాహరణగా చెప్పటానికి కూడా ఆయన సంకోచించడని ఆ ఆయతు తెలుపుతోంది. విశ్వాసులు ఆ ఉదాహరణలో సత్యాన్ని గ్రహిస్తారు. తిరస్కారులు 'దీనితో దేవునికేం పని?' అని ఎగతాళి చేస్తారు. మనం దోమను అల్పమైనదనే అనుకుంటాం. అయితే అది కుట్టినపుడు మంచానపడేది మన బిడ్డే, పనికి పోలేక కూలి పోగొట్టుకునేది మన ఇంటి యజమానే. అందుకే ఈ నెల పాఠంలో దోమల ద్వారా వ్యాపించే జబ్బుల గురించి, వాటి విషయంలో ఒక ముస్లిం కుటుంబం బాధ్యత గురించి తెలుసుకుందాం.

దాచుకున్న నీరే దోమకు పుట్టినిల్లు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి చిత్తూరు సీమ పడమటి ఊళ్లలో నీటి విలువ ఎవరికీ చెప్పనక్కర లేదు. ఏడాది పొడవునా పారే నది ఈ ప్రాంతంలో లేదు. వెయ్యి అడుగుల లోతుకు బోరు వేసినా చుక్క పడని సందర్భాలున్నాయి. కొళాయి నీరు ప్రతిరోజూ రాని వీధులు ఎన్నో. అందువల్ల నీళ్లు వచ్చిన రోజే సంపు, తొట్టి, డ్రమ్ము, బిందెలు, చివరికి బకెట్లు, గిన్నెలు కూడా నింపిపెట్టుకోవటం ఇక్కడి ప్రతి ఇంటి అలవాటు. అది తప్పు కాదు, తప్పనిసరి అవసరం.

అయితే మనలో చాలామంది దోమ అంటే మురుగు కాలువలోనే పుడుతుందని అనుకుంటారు. "మా వీధిలో కాలువ శుభ్రంగానే ఉంది, డెంగీ ఎలా వచ్చింది?" అని ఆశ్చర్యపోతారు. డెంగీని, చికున్‌గున్యాను మోసుకొచ్చే ఈడిస్ దోమ మురుగులో కాదు, మనం ఎంతో జాగ్రత్తగా పట్టి దాచుకున్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. నీళ్లు ఎక్కువగా ఉన్న ఊరికంటే నీళ్లు దాచుకునే ఊరిలోనే దానికి వసతి ఎక్కువ. ఈ ఒక్క మాట మన ప్రాంతపు కుటుంబాలకు బాగా అర్థమైతే సగం పని అయినట్టే.

2006 నేర్పిన పాఠం

2005 చివర్లో, 2006లో రాయలసీమ జిల్లాలను చికున్‌గున్యా చుట్టుముట్టిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు మన దేశంలో ఆ జబ్బు చివరిసారిగా పెద్దగా కనిపించింది 1973లో, మహారాష్ట్రలోని బార్సీలో. ముప్పై ఏళ్లకు పైగా అణిగి ఉన్న జబ్బు ఒక్కసారిగా లేచింది. 2006లో దేశమంతటా సుమారు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. మొదట్లోనే దెబ్బతిన్న రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఆ రోజుల్లో ఇంటికి ఇల్లు మంచానపడింది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గినా కీళ్లనొప్పులు నెలల తరబడి వదలలేదు. నమాజులో రుకూ, సజ్దా చేయలేక కుర్చీలో కూర్చుని నమాజు చేసిన వారెందరో! ఆ పేరు ఆఫ్రికాలోని మకోండే భాష నుండి వచ్చింది, 'వంగిపోవటం' అని దాని భావం. పేరులో 'చికెన్' అన్నట్టు వినిపించటంతో కోడిమాంసం వల్ల వచ్చే జబ్బని భ్రమపడి కోడికూర మానేసిన వాళ్లూ ఉన్నారు. కోడిని మానేశారు గాని, తొట్టికి మూత పెట్టలేదు! తెలియకపోవటం ఎంత నష్టం తెస్తుందో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

ఏ దోమ – ఏ జబ్బు?

దోమ ద్వారా మలేరియా వస్తుందన్న సత్యానికి ఆధారం దొరికింది మన తెలుగు గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోని బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే వైద్యాధికారి దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ దోమలకు తన రక్తాన్నిచ్చిన మలేరియా రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు అతనికి ఒక అణా చొప్పున ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20వ తేదీని నేటికీ ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

మనం గుర్తుంచుకోవలసిన దోమలు ముఖ్యంగా మూడు.

మొదటిది ఈడిస్. నల్లని ఒంటి మీద, కాళ్ల మీద తెల్లని చారలుంటాయి. డెంగీ, చికున్‌గున్యా దీని ద్వారా వస్తాయి. ఇది పగటిపూట కుడుతుంది. ముఖ్యంగా పొద్దు పొడిచిన తర్వాత రెండు మూడు గంటలు, పొద్దు గుంకే ముందు కొన్ని గంటలు దీని తాకిడి ఎక్కువ.

రెండవది అనాఫిలిస్. మలేరియా దీని ద్వారా వస్తుంది. ఇది రాత్రిపూట కుడుతుంది. బావులు, మిద్దె మీది ట్యాంకులు, వాననీరు నిలిచిన గుంతలు దీని నివాసం. కుప్పం వైపు గ్రానైటు రాయి తీసి వదిలేసిన క్వారీ గుంతల్లో నీళ్లు నిలిస్తే అవి కూడా దీనికి అనువైనవే.

మూడవది క్యూలెక్స్. ఇది మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లో పెరుగుతుంది. బోదకాలును వ్యాపింపజేస్తుంది. వరిమళ్ల నీటిలో పెరిగే క్యూలెక్స్ జాతి దోమలు మెదడువాపు జబ్బును వ్యాపింపజేస్తాయి.

ఇక ఈడిస్ గురించి మరొక ముఖ్య విషయం. అది గుడ్లను నీటి మధ్యలో పెట్టదు, నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న తొట్టి గోడకు అంటిస్తుంది. తొట్టి ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు నింపి అంచు తడవగానే పిల్లలవుతాయి. కాబట్టి తొట్టిలోని నీళ్లు పారబోసినంత మాత్రాన పని పూర్తి కాదు. గోడలను పీచుతోనో, గట్టి బ్రష్షుతోనో రుద్ది కడగాలి. గుడ్డు నుండి ఎగిరే దోమ కావటానికి వెచ్చని వాతావరణంలో సుమారు వారం నుండి పది రోజులు పడుతుంది. వారానికి ఒకసారి రుద్ది కడిగితే ఏ దోమా రెక్కలు విప్పే దశకు చేరదు.

'రాసిపెట్టి ఉంటే వస్తుంది' అనవచ్చా?

"జబ్బు అల్లాహ్ చేతిలో ఉంది, రాసిపెట్టి ఉంటే ఎక్కడున్నా వస్తుంది" అని కొందరు అంటూ ఉంటారు. తఖ్దీర్‌ను నమ్మటం మన ఈమాన్‌లో భాగమే. కాని దాన్ని సోమరితనానికి సాకుగా వాడుకోరాదు.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు ప్రయాణిస్తుండగా అక్కడ ప్లేగు ప్రబలిందని దారిలోనే తెలిసింది. ఆయన సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. 'అల్లాహ్ రాసిన విధి నుండి పారిపోతున్నారా?' అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. తాము అల్లాహ్ నిర్ణయించిన ఒక విధి నుండి ఆయన నిర్ణయించిన మరో విధి వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. ఒంటెల మంద ఉన్నవాడు ఎండిన గట్టున మేపినా, పచ్చని గట్టున మేపినా రెండూ దైవనిర్ణయం ప్రకారమే గదా అని వివరించారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. తొట్టికి మూత పెట్టటం కూడా పచ్చని గట్టును ఎంచుకోవటం వంటిదే.

రాత్రి పడుకునే ముందు పాత్రలపై మూతలు పెట్టమని, నీటితిత్తుల మూతులు కట్టమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఈ హదీసు దోమలను ఉద్దేశించి చెప్పినదని మనం అనటం లేదు. కాని నీటికి మూత పెట్టటం అనే అలవాటు ఈ సమాజానికి పద్నాలుగు శతాబ్దాల క్రితమే నేర్పబడింది. ఆ అలవాటు మన ఇంట్లో ఎంతవరకు నిలిచింది? ఎవరికి వారు తమ పెరట్లోకి వెళ్లి చూసుకుంటే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం పొరుగువాని హక్కు. ఎవని కీడు నుండి అతని పొరుగువాడు సురక్షితంగా లేడో, అతను విశ్వాసి కాజాలడని ప్రవక్త (స) హెచ్చరించారు. ఈడిస్ దోమ సాధారణంగా పుట్టిన చోటు నుండి ఒకటి రెండు వందల మీటర్లకు మించి పోదు. అంటే మన డ్రమ్ములో పుట్టిన దోమ మనల్ని, మన పక్కింటివాళ్లను, ఎదురింటి పసిపాపనే కుడుతుంది. దానికి గోడలు, గేట్లు అడ్డు కావు. పక్కింటి అబ్బాయికి డెంగీ వచ్చి ఆస్పత్రి పాలైతే మనం పరామర్శకు వెళతాం, దుఆ చేస్తాం. మంచిదే. కాని ఆ దోమ మన తొట్టిలో పుట్టి ఉండవచ్చునని ఎన్నడైనా ఆలోచించామా?

శుక్రవారం – తొట్టి రుద్దే రోజు

మన రాష్ట్ర ఆరోగ్యశాఖ శుక్రవారాన్ని 'డ్రై డే'గా పాటించమని చాలా ఏళ్లుగా చెబుతోంది. వారానికి ఒక రోజు నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టాలన్నది దాని ఉద్దేశం. శుక్రవారం మనకు జుమా రోజు. గుస్ల్ చేసి, శుభ్రమైన దుస్తులు ధరించి, సువాసన పూసుకుని మస్జిదుకు వెళ్లే రోజు. ఒంటిని శుభ్రపరచుకునే రోజునే ఇంటి నీటిని కూడా శుభ్రపరచుకుంటే అంతకంటే మంచి అలవాటు ఏముంటుంది?

"నీళ్లే కరువు, ఉన్న నీళ్లు పారబోయమంటారా?" అని మన తల్లులు, అక్కచెల్లెళ్లు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నీటిని వృథా చేయటం ఇస్లాంలో తగని పని. అందుకు మార్గం ఉంది. కొళాయి వచ్చే ముందు రోజుకు తొట్టి ఎలాగూ అడుగంటుతుంది. గోడలు రుద్దటానికి అదే సరైన సమయం. అడుగున మిగిలిన నీటిని దళసరి గుడ్డతో వడగట్టి మరో పాత్రలో పోసుకోండి. వడగట్టగా మిగిలిన పురుగుల నీళ్లను కాలువలో కాక ఎండిన నేల మీద పోయండి, అక్కడ అవి చస్తాయి. మీ వీధికి నీళ్లు శుక్రవారం కాక మరో రోజు వస్తే ఆ రోజునే ఎంచుకోండి. ఏ రోజైనా సరే, వారం దాటకూడదు.

ఇంట్లో చూడవలసిన చోట్లు ఇవి:

– సంపు, సింటెక్స్ ట్యాంకు, డ్రమ్ములు. మూత వదులుగా ఉంటే దళసరి గుడ్డ కప్పి తాడుతో బిగించాలి. వేలెడు సందు ఉన్నా దోమ దూరుతుంది.
– ఫ్రిజ్ వెనుక ట్రే, ఎయిర్ కూలర్, పూలకుండీల కింది పళ్లేలు.
– కోళ్లకు, మేకలకు నీళ్లు పెట్టే పాత్రలు, పశువుల కుడితి తొట్టి. బక్రీద్‌కు తెచ్చిన పొట్టేలు కోసం పెట్టిన తొట్టిని పండుగ తర్వాత బోర్లించటం చాలామంది మరచిపోతారు.
– వాడని రోలు, టెంకాయ చిప్పలు, పగిలిన కుండలు, మిద్దె మీద పడేసిన పాత సామాన్లు, ముడతల్లో నీళ్లు నిలిచే టార్పాలిన్ పట్టలు.
– సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం. దాని మూతికి సన్నని వల కట్టాలి.

మన వాళ్లలో పంక్చరు షాపులు, పాత టైర్ల వ్యాపారం, పాత ఇనుము వ్యాపారం చేసే సోదరులు ఎందరో ఉన్నారు. టమోటా లారీల రాకపోకలతో మదనపల్లె రోడ్ల వెంట టైర్ల కుప్పలు ఎప్పుడూ కనిపిస్తాయి. టైరులో నిలిచిన గుక్కెడు వాన నీరు వందలాది దోమలకు చాలు. టైర్లను రేకుల కిందనో, పట్ట కప్పో ఉంచాలి. కుదరనప్పుడు వాటికి రంధ్రాలైనా పెట్టాలి. హలాల్ సంపాదన అంటే సరుకు హలాల్ కావటమే కాదు, దాని వల్ల వీధివాళ్లకు హాని జరగకుండా చూసుకోవటం కూడా.

మస్జిదు, మక్తబ్, ఖబరస్తాన్

మన పిల్లలు ఖుర్ఆన్ నేర్చుకోవటానికి మక్తబ్‌కు వెళ్లేది ఎప్పుడు? సాధారణంగా ఫజ్ర్ తర్వాత, అసర్ తర్వాత. పగటి దోమ ఎక్కువగా కుట్టే సమయాలు కూడా దాదాపు అవే! చాపల మీద కూర్చుని చదువుకునే పిల్లల పాదాలు, మోచేతులు దానికి సులువుగా దొరుకుతాయి. కాబట్టి మస్జిదు ఆవరణలో ఒక్క పాత్రలో కూడా నీరు మూత లేకుండా నిలవనీయకుండా చూడటం కమిటీ బాధ్యత. పిల్లలకు నిండు చేతుల చొక్కాలు, కాళ్లు కప్పే దుస్తులు వేసి పంపటం తల్లిదండ్రుల బాధ్యత.

వజూ హౌజ్‌ను వారానికోసారి కడగటం సాధ్యం కాని చోట గంబూసియా చేపలు వదలవచ్చు. అవి దోమ పిల్లలను తినేస్తాయి. వజూ నీళ్లు పోయే కాలువ నిలవకుండా పారాలి. ఖబరస్తాన్‌లో చెట్ల కింద వదిలేసిన ప్లాస్టిక్ గ్లాసులు, కుండలు, పగిలిన పాత్రలు ఏరివేయాలి. ఊరి యువకులు నెలకొక ఆదివారం ఈ పనికి కేటాయిస్తే అది మహల్లా అంతటికీ మేలు. ఆ మేలు ముస్లింలకే పరిమితం కాదు, చుట్టుపక్కల ఉన్న హిందూ, క్రైస్తవ సోదరుల బిడ్డలకు కూడా అందుతుంది. దారిలో నుండి హానికరమైన వస్తువును తొలగించటం ఈమాన్‌లోని శాఖలలో ఒకటని మనకు నేర్పబడింది. ఆ దారిన నడిచేవారు ఏ మతంవారని అందులో అడగలేదు.

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మునిసిపాలిటీ వాళ్లు పొగ కొడుతున్నారు కదా, అది చాలదా?
జవాబు: చాలదు. పొగ వల్ల ఆ సమయంలో ఎగురుతున్న దోమలు మాత్రమే చస్తాయి. తొట్టిలో ఉన్న పిల్లలకు, గోడకంటిన గుడ్లకు ఏమీ కాదు. నాలుగు రోజుల్లో కొత్త దోమలు వస్తాయి.

ప్రశ్న: ఆరోగ్యశాఖ వాళ్లు తొట్టిలో మందు వేస్తే ఆ నీళ్లతో వజూ చేయవచ్చా? తాగవచ్చా?
జవాబు: వాళ్లు వేసే టెమిఫాస్ మందును నిర్ణీత మోతాదులో తాగునీటిలో వాడటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతించింది. అది నజాసత్ కాదు. కొద్దిపాటి మందు వల్ల నీరు నీరుగానే ఉంటుంది గనుక వజూకు అభ్యంతరం లేదు. ఇంకా సందేహముంటే మీ ఊరి ఆలిమ్‌ను అడగండి, కాని మందు వేయటానికి వచ్చిన వారిని గుమ్మంలోనే వెనక్కి పంపకండి. మొత్తం మీరే వేసుకుందామని కూడా ప్రయత్నించకండి, మోతాదు వాళ్లకే తెలుసు.

ప్రశ్న: ఇంట్లో మగవాళ్లు లేనప్పుడు పర్యవేక్షణకు వచ్చిన వారిని లోపలికి ఎలా రానివ్వటం?
జవాబు: పర్దాకు భంగం కానవసరం లేదు. ఆశా కార్యకర్తలు మహిళలే. వారితో పాటు ఇంటి మహిళలు వెళ్లి చూపించవచ్చు. లేదా మగవాళ్లు ఇంట్లో ఉండే సమయం చెప్పి మళ్లీ రమ్మని మర్యాదగా కోరవచ్చు.

జ్వరం వచ్చినపుడు

జ్వరం రెండు రోజులకు మించి ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ప్రభుత్వాస్పత్రిలోనో రక్తపరీక్ష చేయించాలి. మలేరియాకు మంచి మందులున్నాయి, డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి. డెంగీ వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి, నీళ్లు, గంజి, మజ్జిగ, ఓఆర్‌ఎస్, జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ – ఇదే చికిత్స. నొప్పులు తగ్గుతాయని ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి సొంతంగా వేసుకోరాదు, రక్తస్రావం జరిగే ప్రమాదముంది. దుఆ చేయండి, ఖుర్ఆన్ ఆయతులు చదివి ఊదండి. దాంతో పాటు పరీక్ష కూడా చేయించండి. ఒకటి మరొకదానికి అడ్డు కాదు. చికిత్స చేయించుకోమని ప్రవక్త (స) స్వయంగా ఉపదేశించారు.

జ్వరం తగ్గగానే గండం గడిచిందని అనుకోకండి. డెంగీలో ప్రమాదం తరచుగా జ్వరం తగ్గే రోజుల్లోనే ముంచుకొస్తుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండో ముక్కు నుండో రక్తం, నల్లని విరేచనం, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గటం, మత్తుగా పడి ఉండటం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, చక్కెర జబ్బు ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

మరొక మాట. రోగిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. జ్వరం ఉన్న మొదటి వారంలో రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. అతన్ని కుట్టిన దోమ మరొకరికి దాన్ని అంటిస్తుంది. బెంగళూరుకు పనికి వెళ్లి జ్వరంతో కుప్పం రైలు దిగిన మన సోదరుని వెంట వచ్చేది దోమ కాదు, రక్తంలోని వైరస్. ఇక్కడ మన తొట్టిలో పుట్టిన దోమే దాన్ని వీధంతా పంచుతుంది. తొట్టికి మూత ఉంటే ఆ జబ్బు అతనితోనే ఆగిపోతుంది.

ఇంట్లో చర్చించవలసిన ప్రశ్నలు

1. తొట్టిలో నీళ్లు పారబోస్తే చాలదు, గోడలు రుద్దాలి అనటానికి కారణమేమిటి?
2. మన ఇంట్లో, మిద్దె మీద, పెరట్లో నీరు నిలిచే చోట్లు ఎన్ని? పిల్లలతో కలిసి లెక్కపెట్టండి.
3. హజ్రత్ ఉమర్ (రజి) సమాధానం నుండి మనం నేర్చుకునే పాఠమేమిటి?
4. ఈ శుక్రవారం తొట్టి రుద్దే పని ఇంట్లో ఎవరిది?

నాలుగవ ప్రశ్నకు జవాబు 'అమ్మది' అని మాత్రం తేల్చేయకండి. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. నాన్న బ్రష్షు పట్టుకుంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే మగ్గు పట్టుకుంటారు.

మన వల్ల మన పొరుగువారికి ఎలాంటి హానీ కలగకుండా జీవించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన బిడ్డలను, మన ఊరి బిడ్డలందరినీ జబ్బుల నుండి కాపాడుగాక! ఆమీన్.